విదేశాల్లోని అంతర్జాతీయ పాఠశాలల్లో ఉపాధ్యాయ వృత్తి: డిగ్రీ స్థాయి నుంచే సన్నద్ధత

ఈ పాఠం మీలో రెండు రకాల వారిని దృష్టిలో ఉంచుకొని రాశాను. పగలు ఏదో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు ఈ పుస్తకాలు తెరిచి డిగ్రీ పూర్తి చేసుకుంటున్నవారు మొదటి రకం. భర్త ఉద్యోగరీత్యా దుబాయికో, మస్కట్‌కో, సింగపూర్‌కో వెళ్లబోతూ, అక్కడ తమకంటూ ఒక ఉద్యోగం ఉంటే బాగుండునని అనుకుంటున్నవారు రెండో రకం. సంపర్క తరగతుల్లో ఈ ఇద్దరూ అడిగే ప్రశ్న ఒకటే: "సార్, మాది దూరవిద్య డిగ్రీ, అదీ తెలుగు మాధ్యమం. విదేశాల్లో టీచరు ఉద్యోగం వస్తుందా?"

వస్తుంది. అయితే ఆ ప్రయత్నం డిగ్రీ పట్టా చేతికి వచ్చిన తరువాత మొదలుపెట్టేది కాదు. ఆలస్యంగా తెలుసుకుంటే సరిదిద్దుకోవడానికి వీలుకాని విషయాలు ఇందులో రెండు మూడు ఉన్నాయి. ఈ పాఠంలో వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం.

1. అంతర్జాతీయ పాఠశాల అంటే ఏది?

మన జిల్లా కేంద్రాల్లో ఏ వీధికి వెళ్లినా 'ఇంటర్నేషనల్' అన్న మాట ఒక బడి బోర్డు మీద కనిపిస్తుంది. ఆ మాట రాయించుకోవడానికి పెయింటరు కూలి తప్ప మరో ఖర్చు లేదు. కాబట్టి పేరును పక్కన పెట్టి, ఆ బడి ఏ పాఠ్యప్రణాళికను అనుసరిస్తుంది, ఏ పరీక్షామండలి గుర్తింపు పొందింది అనే రెండు ప్రశ్నలు వేసుకోండి.

అసలు అర్థంలో ఈ బడులు దేశం విడిచి పనిచేసే ఉద్యోగుల పిల్లల కోసం పుట్టాయి. నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవాలో ఒక పాఠశాల వెలిసింది. తండ్రికి బదిలీ అయినప్పుడల్లా పిల్లవాడు చదువును మొదటి నుంచి మొదలుపెట్టకుండా, ఏ దేశంలోని విశ్వవిద్యాలయమైనా అంగీకరించే పరీక్ష ఒకటి ఉండాలన్న ఆలోచనతో 1968లో అదే నగరంలో ఇంటర్నేషనల్ బాకలారియేట్ ఏర్పడింది. దీనినే ఐ.బి. అంటాం. కేంబ్రిడ్జ్ వారి ఐ.జి.సి.ఎస్.ఇ. పరీక్షలు 1988లో మొదలయ్యాయి. ఇవిగాక ఇంగ్లండ్ జాతీయ ప్రణాళికను, అమెరికా ప్రణాళికను బోధించే బడులు ఉన్నాయి. మన హైదరాబాదు పొలిమేరలో పటాన్‌చెరు దగ్గర 1972లో ఇక్రిశాట్ ఏర్పడినప్పుడు, అక్కడికి వచ్చిన విదేశీ శాస్త్రవేత్తల పిల్లలకూ ఇలాంటి బడే అవసరమైంది.

మరో వర్గం భారతీయ పాఠశాలలు. గల్ఫ్ దేశాల్లో సి.బి.ఎస్.ఇ. అనుబంధంతో నడిచే బడులు చాలా ఉన్నాయి. దుబాయిలోని ఇండియన్ హైస్కూలు 1961 నాటిది. మన పట్టభద్రులకు మొదటి మెట్టు సాధారణంగా ఇవే. ఇక్కడ జీతం బ్రిటిష్, ఐ.బి. బడుల కంటే తక్కువగానే ఉంటుంది. కానీ మీకు తెలిసిన పాఠ్యాంశాలే చెబుతారు, మీ బి.ఇడి.ని అక్కడివారు అర్థం చేసుకుంటారు. రెండు మూడేళ్లు పనిచేస్తే విదేశీ అనుభవం కింద లెక్కకు వస్తుంది.

2. దూరవిద్య డిగ్రీ, బి.ఇడి.: ముందుగా తేల్చుకోవలసినవి

మన దేశంలో మీ డిగ్రీకి లోటేమీ లేదు. విశ్వవిద్యాలయానికి, మీరు చదివే కోర్సుకు యు.జి.సి. గుర్తింపు ఉన్నట్లయితే, 2020 నాటి నిబంధనల ప్రకారం దూరవిద్యలో పొందిన డిగ్రీ రోజూ తరగతికి వెళ్లి పొందిన డిగ్రీతో సమానం. విదేశాల్లో పరిస్థితి వేరు. అక్కడ నిర్ణయం ఆ దేశపు విద్యాశాఖది, కొన్నిచోట్ల నగరస్థాయి సంస్థది. దుబాయిలో ప్రైవేటు బడుల మీద అజమాయిషీ కె.హెచ్.డి.ఎ. అనే సంస్థది, అబుదాబిలో అడెక్‌ది. ఒకే దేశంలో రెండు నగరాల మధ్య కూడా పద్ధతి మారవచ్చు.

గల్ఫ్‌లో డిగ్రీ తుల్యత కోసం దరఖాస్తు చేసినప్పుడు, అభ్యర్థి ఏ విధానంలో చదివారో విశ్వవిద్యాలయం నుంచి రాయించి తెమ్మని అడగడం ఉంది. అప్పుడు 'దూరవిద్య' అన్న మాట కాగితం మీదకు వస్తుంది. దాన్ని దాచే ప్రయత్నం చేయవద్దు. విశ్వవిద్యాలయం అబద్ధం రాసి ఇవ్వదు, మరెవరో రాసి ఇస్తామంటే అది నేరమవుతుంది. మీరు చేయవలసింది ఒకటే. ఏ దేశం మీ మనసులో ఉందో ఇప్పుడే తేల్చుకొని, దూరవిద్యలో డిగ్రీ, తరగతికి హాజరై చదివిన బి.ఇడి. ఉన్న అభ్యర్థిని ఉపాధ్యాయ నియామకానికి అంగీకరిస్తారా అని అక్కడి బడిని లిఖితపూర్వకంగా అడగండి. "మా బావగారు వెళ్లారు, ఏమీ అడగలేదు" అన్న మాటను ఆధారంగా తీసుకోకండి. ఆయన వెళ్లినప్పటి నియమం వేరు కావచ్చు, ఆయన ఉద్యోగమూ వేరు కావచ్చు. ఇంటర్ చదవకుండా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చేరినవారు ఆ సంగతిని కూడా అదే ఉత్తరంలో అడగాలి. పన్నెండో తరగతి ధ్రువపత్రం లేకపోవడం కొన్నిచోట్ల అడ్డవుతుంది.

ఇప్పుడు బి.ఇడి. సంగతి చూద్దాం. దీన్ని తరగతికి హాజరై చదవండి. ఎన్.సి.టి.ఇ. 2014 నిబంధనల ప్రకారం దూరవిద్యలో బి.ఇడి. అందరికీ ఉద్దేశించింది కాదు. ప్రాథమిక స్థాయిలో పనిచేస్తున్న శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు, లేదా అంతకుముందే హాజరు విధానంలో ఒక ఉపాధ్యాయ విద్యా కోర్సు పూర్తిచేసిన వారికి మాత్రమే అందులో చేరే అర్హత ఉంది. మిగిలినవారికి ఎడ్‌సెట్ రాసి, రెండేళ్లు కళాశాలకు వెళ్లి, బడిలో బోధనాభ్యాసం చేసి పొందే బి.ఇడి. ఒక్కటే దారి. డిగ్రీలో 50 శాతం మార్కులు అవసరం, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. దూరవిద్య విద్యార్థులు ఉత్తీర్ణులైతే చాలుననుకొని చివరి సంవత్సరంలో మార్కులను పట్టించుకోరు. ఆ పొరపాటు ఎడ్‌సెట్ దరఖాస్తు నాడు బయటపడుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో 'నాన్ అటెండింగ్ బి.ఇడి.' అనే మాట మీరు వినే ఉంటారు. ఫీజు కట్టి, పరీక్షలకు మాత్రమే వెళ్లే పద్ధతి అది. విదేశీ ఉద్యోగం సంగతి అటుంచి, తరగతి గదిలో నలభై మంది పిల్లల ముందు నిలబడి తప్పులు చేసి నేర్చుకోవలసిన రెండేళ్లను డబ్బిచ్చి పోగొట్టుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాల నమూనా పాఠం చెప్పమన్నప్పుడు అలా చదివినవారు మొదటి ఐదు నిమిషాల్లోనే దొరికిపోతారు.

సబ్జెక్టు పొందిక మరో ముఖ్య విషయం. మీరు బోధించబోయే సబ్జెక్టు మీ డిగ్రీలో ఉండాలి, బి.ఇడి. బోధనా పద్ధతుల్లోనూ అదే ఉండాలి. మన ప్రైవేటు బడుల్లో బి.ఎ. చదివినవారు గణితం చెప్పడం మామూలే. విదేశాల్లో నియామకానికి అనుమతి ఇచ్చే అధికారి డిగ్రీ మార్కుల జాబితాలో ఆ సబ్జెక్టు కోసం వెతుకుతాడు. మొదటి సంవత్సరంలో ఉన్నవారు ఐచ్ఛికాలు ఎంచుకునేటప్పుడు దీన్ని గుర్తుంచుకోండి. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కంప్యూటర్ చదివినవారికి అవకాశాలు ఎక్కువ.

ఇంగ్లండు గురించి ఒక్క మాట. అక్కడి ప్రభుత్వ గుర్తింపైన క్యు.టి.ఎస్. కోసం మన దేశంలో శిక్షణ పొందిన గణిత, విజ్ఞానశాస్త్ర, భాషా ఉపాధ్యాయులు దరఖాస్తు చేసుకునే వీలు 2023 ఫిబ్రవరి నుంచి వచ్చింది. బ్రిటిష్ ప్రణాళిక బడులు ఎక్కడ ఉన్నా ఈ గుర్తింపుకు విలువ ఇస్తాయి. దీన్ని పి.జి.సి.ఇ.ఐ. అనే కోర్సుతో కలగాపులగం చేయకండి. అది ఇంటి నుంచి చదవగల మంచి కోర్సే, కానీ దానివల్ల క్యు.టి.ఎస్. రాదు. వస్తుందని చెప్పి చేర్పించే కన్సల్టెన్సీలు ఉన్నాయి.

3. పేరు, పత్రాలు

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. మన తెలుగువారికి మాత్రం ఇది పెద్ద చిక్కు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. డిగ్రీ పట్టాలో అది పేరుకు ముందు పూర్తిగా వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరుతుంది. ఈ నాలుగు కాగితాలూ ఒకరివేనని మనకు తెలుసు. రియాద్‌లో బల్ల వెనుక కూర్చున్న గుమాస్తాకు మాత్రం అవి నలుగురు మనుషుల కాగితాలు.

కాబట్టి ఈ వారమే మీ పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రవేశ రికార్డు, ఆధార్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. పుట్టిన తేదీ, తండ్రి పేరు కూడా చూడండి. డిగ్రీలో ఉన్నంతకాలం విశ్వవిద్యాలయ రికార్డులో సవరణ సులువు. పట్టా ముద్రించిన తరువాత ఎక్కువ కాలం పడుతుంది, ఎక్కువ తిరగాలి. పెళ్లి తరువాత పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవడం తప్పనిసరేమీ కాదు. చదువు కాగితాలన్నీ పుట్టింటి పేరుతో ఉన్నవారు దాన్ని అలాగే ఉంచుకుంటే పని తేలిక.

తరువాత ధ్రువీకరణ. విద్యా పత్రాలను మొదట రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి, ఆపైన విదేశాంగ మంత్రిత్వశాఖ ధ్రువీకరించాలి. ఈ రెండో పని హైదరాబాదులోనే అవుతుంది, ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. ఆ తరువాతి అడుగు దేశాన్ని బట్టి మారుతుంది. 1961 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది. అందులో ఉన్న దేశాలకు వెళ్లేవారికి 'అపోస్టిల్' అనే ముద్ర చాలు. ఒమన్, బహ్రెయిన్ అందులో ఉన్నాయి, సౌదీ 2022లో చేరింది. యు.ఎ.ఇ., కువైట్, ఖతార్ వంటి వాటికి ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర విడిగా కావాలి. దేశాలు కొత్తగా చేరుతూనే ఉంటాయి కనుక మీరు బయలుదేరేనాటి పరిస్థితిని సరిచూసుకోండి. ధ్రువీకరణకు అసలు పట్టాయే ఇవ్వాలి, ప్రొవిజనల్ మీద ఆధారపడకండి. స్నాతకోత్సవం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా పట్టాకు దరఖాస్తు పెట్టుకోండి.

4. భాష

తెలుగు మాధ్యమంలో చదివామన్న బెంగను రెండుగా విడగొట్టి చూద్దాం. మీకు విషయం రాదా, లేక విషయానికి ఇంగ్లీషు పేర్లు రావా? చాలామందికి ఉన్నది రెండో ఇబ్బందే. క.సా.గు., గ.సా.భా. చేయడం మీకు బాగా వచ్చు. బ్రిటిష్ బడిలో గ.సా.భా.ను హైయెస్ట్ కామన్ ఫ్యాక్టర్ అంటారనీ, అమెరికన్ బడిలో గ్రేటెస్ట్ కామన్ ఫ్యాక్టర్ అంటారనీ తెలియాలి. త్వరణం, ద్రవ్యవేగం, కిరణజన్య సంయోగక్రియ, బాష్పోత్సేకం వంటి ప్రతి పదానికీ ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. తెలుగు మాట, ఇంగ్లీషు మాట, ఆ ఇంగ్లీషు మాటతో తరగతిలో మీరు పలకబోయే ఒక పూర్తి వాక్యం. మూడో గడి లేకపోతే మొదటి రెండూ నిఘంటువు మాత్రమే.

ఉచ్చారణ విషయంలో అమెరికా యాసో బ్రిటన్ యాసో తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. అవతలివారికి తికమక కలిగించే చోట్లు సరిచేసుకుంటే చాలు. తెలుగు అజంత భాష, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే మన నోట బస్ 'బస్సు' అవుతుంది, డెస్క్ 'డెస్కు' అవుతుంది. మాట చివర ఈ ఉకారాన్ని వదలడం సాధన చేయాలి. రెండోది, పడమర దిక్కును చెప్పే ఇంగ్లీషు మాట, లోపల తొడిగే బనియనుకు బ్రిటిష్ వారి మాట మన లిపిలో రెండూ 'వెస్ట్' అనే రాస్తాం, ఒకేలా పలుకుతాం. ఇంగ్లీషులో మొదటిదానికి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, రెండోదానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి. మూడోది, 'జీరో'లోని మొదటి ధ్వని మన 'జలం'లోని జకారం కాదు. మరోవైపు మనకు పుట్టుకతో వచ్చిన ఒక సౌకర్యం ఉంది. హ్రస్వదీర్ఘాల తేడా మనకు సహజం కనుక 'షిప్', 'షీప్' మాటల దగ్గర చాలా దేశాలవారు పడే తిప్పలు మనకు లేవు.

ఇంగ్లీషు స్థాయికి రుజువుగా ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వంటి పరీక్ష అడగవచ్చు. దానికి తొందర లేదు. సాధారణంగా ఫలితాన్ని రెండేళ్లపాటే అంగీకరిస్తారు కనుక ఇప్పుడే రాస్తే బి.ఇడి. ముగిసేసరికి గడువు తీరిపోతుంది.

తెలుగు మాధ్యమాన్ని మీ దరఖాస్తులో బలహీనతగా రాసుకోకండి. అంతర్జాతీయ బడుల్లో కొరియా, అరబ్బు, రష్యా, జపాను పిల్లలు ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకుంటూ అదే భాషలో లెక్కలు, సైన్సు చదువుతుంటారు. తెలిసిన విషయాన్ని తెలియని భాషలో వినడం ఎలా ఉంటుందో అనుభవించిన ఉపాధ్యాయుడు వాళ్లకు కావాలి. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే మాట్లాడినవారికి ఆ పిల్లవాడి మౌనం సోమరితనంగా కనిపించవచ్చు. అది సోమరితనం కాదని మీకు తెలుసు. ఇంటర్వ్యూలో ఈ సంగతి ధైర్యంగా చెప్పండి.

మీ ప్రగతిని తెలుసుకోండి: తొమ్మిదో తరగతి పుస్తకంలోని ఏదైనా ఒక భావనను ఐదు నిమిషాలు ఇంగ్లీషులో వివరిస్తూ ఫోనులో రికార్డు చేయండి. మరునాడు వినండి. ఎన్నిచోట్ల ఆగారు, ఆగింది మాట కోసమా, విషయం కోసమా? లెక్క రాసుకోండి.

5. అక్కడి తరగతి గది

కేంబ్రిడ్జ్ పరీక్షల్లో ప్రశ్నలోని క్రియాపదాన్ని బట్టి మార్కులు ఉంటాయి. ఒక ఉదాహరణ చూద్దాం. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఎంజైము చర్య వేగం ఎలా మారుతుందో చూపే వక్రరేఖ ఇచ్చారు. 'డిస్క్రైబ్' అని అడిగితే, వేగం మొదట పెరిగింది, ఫలానా డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరింది, ఆపైన పడిపోయింది అని కనిపించేది చెప్పాలి. 'ఎక్స్‌ప్లెయిన్' అని అడిగితే, అణువుల తాకిడి ఎక్కువైనందువల్ల పెరిగింది, వేడికి ఎంజైము ఆకృతి చెడినందువల్ల తగ్గింది అని కారణం చెప్పాలి. మొదటి ప్రశ్నకు రెండో జవాబు ఎంత బాగా రాసినా మార్కులు రావు. మన పద్ధతిలో రెంటికీ 'వివరించుము' అనే ఉంటుంది, తెలిసిందంతా రాస్తే మార్కులు పడతాయి. ఈ తేడా అర్థం కావాలంటే పాత ప్రశ్నపత్రాలను, వాటి మూల్యాంకన సూచికలను దగ్గర పెట్టుకొని చదవండి. బోధన గురించిన లావుపాటి పుస్తకాల కంటే ఇవి ఎక్కువ నేర్పుతాయి.

ఐ.బి. డిప్లొమాలో విద్యార్థి ఆరు సబ్జెక్టులతోపాటు, సొంతంగా ఎంచుకున్న అంశం మీద నాలుగు వేల పదాలకు మించని పరిశోధనా వ్యాసం రాయాలి. ఉపాధ్యాయుడు దాన్ని రాసిపెట్టడు, దిద్ది ఇవ్వడు. సరైన ప్రశ్న వేసి పక్కకు తప్పుకుంటాడు. నోట్సు చెప్పి రాయించడం అలవాటైన మనకు ఇది కష్టంగానే ఉంటుంది. ఇప్పుడు మీరు పనిచేస్తున్న బడిలోనే వారానికి ఒక పీరియడు నోట్సు లేకుండా నడిపి చూడండి.

ఇంటర్వ్యూలో తప్పక వచ్చే మరో అంశం పిల్లల రక్షణ. దీనినే సేఫ్‌గార్డింగ్ అంటారు. "ఒక విద్యార్థి మీ దగ్గరకు వచ్చి, ఒక రహస్యం చెబుతాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి అన్నాడు. ఏం చేస్తారు?" అని అడుగుతారు. మన సంస్కారం ప్రకారం "నేనుండగా నీకేం భయం, ఎవరికీ చెప్పను" అనాలనిపిస్తుంది. ఆ జవాబుతో ఉద్యోగం పోతుంది. మాట ఇవ్వకూడదు. శాంతంగా వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు, అతని మాటల్లోనే రాసుకోవాలి, ఆ రోజే బడిలో అందుకు నియమించిన అధికారికి తెలపాలి. పిల్లలను కొట్టడం గురించి చెప్పనక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం మన దగ్గరా దాన్ని నిషేధించింది. పోలీసు ధ్రువపత్రం, మునుపటి ప్రధానోపాధ్యాయుల నుంచి నేరుగా తెప్పించుకునే అభిప్రాయాలు కూడా ఇందులో భాగమే. కాబట్టి ఇప్పటి బడిని వదిలేటప్పుడు పోట్లాడి కాకుండా నోటీసు ఇచ్చి, అనుభవ ధ్రువపత్రం తీసుకొని వదలండి.

6. ఎప్పుడు, ఎవరి ద్వారా?

బి.ఇడి. తరువాత మన దేశంలో రెండేళ్ల పూర్తికాలపు అనుభవం లేకుండా దరఖాస్తు చేస్తే జవాబు రాకపోవచ్చు. ఆ రెండేళ్లు వీలైతే సి.బి.ఎస్.ఇ. లేదా కేంబ్రిడ్జ్ బడిలో గడపండి. గల్ఫ్‌లోని భారతీయ బడులకు విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, నియామకాలు అంతకుముందు చలికాలంలో జరుగుతాయి. మిగిలిన అంతర్జాతీయ బడులు ఆగస్టు, సెప్టెంబరుల్లో తెరుస్తారు. వాటి ప్రకటనలు ముందటేడు అక్టోబరు, నవంబరు నుంచే వస్తుంటాయి.

ఏజెంటు ద్వారా వెళ్లేవారు ఇ-మైగ్రేట్‌లో అతని నమోదు సంఖ్యను చూసుకోవాలి. 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వకపోయినా లేచి వచ్చేయండి. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడ విచారించవచ్చు. "ముందు విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మారుస్తాం" అన్నవారి మాట వినకండి.

7. ఒప్పంద పత్రం చదవడం

నియామక ఉత్తరంలో అందరూ మొత్తం జీతం చూస్తారు. మీరు మూలవేతనం చూడండి. యు.ఎ.ఇ. కార్మిక చట్టం ప్రకారం ఏడాది పూర్తి చేసినవారికి ఉద్యోగం విడిచేటప్పుడు గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. ఇద్దరికి నెలకు 5,000 దిర్హాముల ఉద్యోగం వచ్చిందనుకోండి. ఒకరికి మూలవేతనం 4,000, మరొకరికి 2,000, మిగిలినది భత్యాలు. నాలుగేళ్ల తరువాత మొదటివారికి 11,200 దిర్హాములు, రెండోవారికి 5,600 వస్తాయి. చేసిన పని ఒకటే, ప్రతి నెలా చేతికొచ్చింది ఒకటే.

ఇల్లు బడి ఇస్తుందా, అద్దె భత్యమా? ఏడాదికోసారి విమాన టిక్కెట్టు ఉందా? వేసవి సెలవులకు జీతం ఉందా? మధ్యలో మానేస్తే ఏం కట్టాలి? మీ పిల్లలకు ఫీజు రాయితీ ఎంత? వీటికి జవాబులు కాగితం మీద ఉండాలి. నియామకపు ఖర్చులను మీ జీతంలోంచి కోస్తామంటే అంగీకరించవద్దు, యు.ఎ.ఇ. చట్టం వాటిని యజమాని మీదే పెట్టింది. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి.

భర్త వీసా మీద అక్కడ ఉండి ఉద్యోగం చూసుకునేవారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటి ఉంది. బడులు వీరిని 'లోకల్ హైర్' అంటాయి. ఇల్లు, టిక్కెట్టు ఎలాగూ భర్త కంపెనీ ఇస్తుందన్న లెక్కతో తక్కువ జీతం రాస్తాయి. అదే బడిలో అదే తరగతికి ఇక్కడి నుంచి రప్పించిన ఉపాధ్యాయినికి ఎక్కువ ఇస్తారు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. అయినా మొదటి ఉద్యోగానికి చాలామంది ఒప్పుకుంటారు, అందులో తప్పులేదు. ఒప్పుకునేటప్పుడు మాత్రం ఒప్పందం ఒక ఏడాదికా, రెండేళ్లకా అని చూసి, పునరుద్ధరణ సమయంలో జీతం మళ్లీ మాట్లాడే అవకాశం ఉందని అందులోనే రాయించుకోండి. బి.ఇడి. పట్టా, ధ్రువీకరణ ముద్రలు ఇక్కడి నుంచి బయలుదేరేముందే పూర్తి చేసుకున్నవారు ఆ రోజు గట్టిగా మాట్లాడగలుగుతారు. అక్కడికి వెళ్లాక తల్లిదండ్రులను హైదరాబాదులో కార్యాలయాల చుట్టూ తిప్పేవారికి ఆ వీలు ఉండదు.